ఇంటికి ఉత్తరాల డబ్బా: తరచుగా అడిగే ప్రశ్నలు

గేట్లు, గ్రిల్స్, మెట్ల రెయిలింగులు చేసే వర్క్‌షాపు మాది. గేటు కొలతలకు వచ్చినవాళ్ళు లేచి వెళ్ళబోతూ "ఒక పోస్టు డబ్బా కూడా చేసెయ్యండి" అంటారు. ఏ సైజు, ఎక్కడ బిగించాలి, ఏ రేకు అని నేను అడిగాక వాళ్ళకు సందేహాలు మొదలవుతాయి. ఒకరికి ఫోన్లో చెప్పిందే వారం తిరక్కుండా ఇంకొకరికి చెబుతున్నాను కాబట్టి అన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాను. నా లెక్కలో గేటు డిజైన్‌కి నప్పడం చివరి సంగతి. మీ ఇంటికొచ్చే కవర్లలో అన్నిటికన్నా పెద్దది ఏది, దాన్ని లోపల వేసే పోస్ట్‌మ్యాన్ చెయ్యి ఎంతవరకు అందుతుంది, ఈ రెండూ తేలాకే మిగతావి. ఏ ప్రశ్న కావాలంటే నేరుగా దాని దగ్గరికి వెళ్ళండి.

## కొనేముందు

ఈ రోజుల్లో ఉత్తరాలు ఎవరు రాస్తున్నారండీ? అసలు డబ్బా అవసరమా?

క్షేమసమాచారాల ఉత్తరాలు తగ్గిపోయిన మాట నిజమే. కానీ ఆధార్ ఉత్తరం, బీమా ప్రీమియం నోటీసులు, బ్యాంకు కాగితాలు, చందా కట్టిన పత్రికలు, దూరపు బంధువుల శుభలేఖలు ఇప్పటికీ మామూలు తపాలాలోనే వస్తున్నాయి. మామూలు తపాలాకి సంతకం ఉండదు, ఎక్కడి దాకా వచ్చిందో చూసుకునే నంబరూ ఉండదు. ఇంట్లో ఎవరూ లేకపోతే గేటు కిందినుంచి తోసెయ్యడమో, గ్రిల్‌కి గుచ్చడమో తప్ప పోస్ట్‌మ్యాన్‌కి వేరే దారి లేదు. మా ఇంట్లోనే జరిగింది. మా తమ్ముడి ఇంటర్వ్యూ కాగితం గేటు కిందినుంచి వచ్చి తులసికోట వెనక్కి జారిపోయింది. మాకు కనిపించేసరికి తేదీ దాటి రెండు రోజులైంది. అప్పటికి మా షాపులో వారానికి నాలుగు గేట్లు చేస్తున్నాం, మా ఇంటికి మాత్రం డబ్బా లేదు. ఆ నెలలోనే బిగించాను. నెలకు ఒక్క కాగితమే వచ్చినా ఆ ఒక్కటి ఏదో మనకు ముందుగా తెలియదు.

రిజిస్టర్డ్ పోస్టు, స్పీడ్ పోస్టు కూడా డబ్బాలో వేసేస్తారా?

వెయ్యరు. సంతకం పెట్టించుకుని చేతికి ఇవ్వాల్సినవి డబ్బాలోకి రావు. 2025లో రిజిస్టర్డ్ పోస్టు సేవను స్పీడ్ పోస్టులో కలిపేశారు కానీ చేతికిచ్చి సంతకం తీసుకునే పద్ధతి పోలేదు. పాస్‌పోర్టు అయితే గుర్తింపు కార్డు చూసి ఇస్తారు. ప్లాస్టిక్ ఆధార్ కార్డు స్పీడ్ పోస్టులో వస్తుంది. మీరు ఇంట్లో లేకపోతే పోస్ట్‌మ్యాన్ ఒక చీటీ వదిలి వెళతారు, కవరు మామూలుగా ఏడు రోజులపాటు పోస్టాఫీసులో ఉంటుంది, తర్వాత పంపినవాళ్ళకి తిరిగి వెళ్ళిపోతుంది. ఆ చీటీ గాలికి ఎగిరిపోకుండా ఉండటానికైనా డబ్బా కావాలి. కోర్టు నోటీసు, చెక్కుబుక్కు లాంటివి వెనక్కి పోయాక పడే తిరుగుడు చాలామంది మా షాపులోనే కూర్చుని చెప్పుకున్నారు.

రెడీమేడ్ కొనాలా, వెల్డింగ్ షాపులో చేయించాలా?

మీకు కావలసిన కొలతల్లో దొరికితే రెడీమేడ్ కొనుక్కోండి, అందులో తప్పేమీ లేదు. రెడీమేడ్‌లో నేను ఎక్కువగా చూసే లోపం లోతు. గోడకు అందంగా అతుక్కున్నట్టు కనిపించాలని రెండున్నర, మూడు అంగుళాల లోతుతో చేస్తారు. ఒక పత్రిక పడితే నిండిపోతుంది, రెండోది నోట్లోనే ఇరుక్కుని బయటికి వేలాడుతుంది. ప్రహరీ గోడలో దూర్చి పెట్టాలన్నా, పిల్లరు వెడల్పుకి సరిపోవాలన్నా చేయించుకోవడమే నయం.

మా ఊరి షాపులో చేయించాను. రేకు పలచనిది వాడారేమోనని అనుమానం. ఎలా తెలుస్తుంది?

తూచి చూడండి. వెడల్పు 11, ఎత్తు 16, లోతు 5 అంగుళాల డబ్బాకి 20 గేజి ఇనుప రేకు, అంటే దాదాపు 0.9 మిల్లీమీటర్ల మందం వాడితే రేకు బరువే రెండు ముప్పావు కిలోలు దాటాలి. 18 గేజి, అంటే 1.2 మిల్లీమీటర్లు అయితే మూడు ముప్పావు కిలోల దగ్గర ఉంటుంది. 22 గేజి అయితే రెండు కిలోల పైచిలుకే. గేజి నంబరు పెరిగేకొద్దీ రేకు పలచబడుతుంది, ఇది చాలామంది తిరగేసి అనుకుంటారు. మడతబందులు, తాళం బరువు వీటికి అదనం. ఇంటి డబ్బాకి 20 గేజి చాలు. 22 గేజిలో తలుపు కొన్నాళ్ళకే వంపు తిరిగి తాళం కలవదు.

## సైజు, నోరు

ఎంత సైజు డబ్బా తీసుకోవాలి?

ఏ4 కాగితాన్ని మడవకుండా పంపే కవరు దాదాపు 23 సెంటీమీటర్ల వెడల్పు, 32.5 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. మెడికల్ రిపోర్టులు, సర్టిఫికెట్లు, స్థలం కాగితాల నకళ్ళు అందులోనే వస్తాయి. అది నిలువుగా దిగి, నోటి కిందికి పూర్తిగా వెళ్ళిపోవాలి. అందుకని లోపలి కొలతలు వెడల్పు 11 అంగుళాలు, ఎత్తు 16, లోతు 5 అంగుళాలకు తగ్గకుండా చూసుకోండి. పొడుగాటి ఆఫీసు కవర్లు 22 సెంటీమీటర్ల పొడవు, 11 సెంటీమీటర్ల వెడల్పు ఉంటాయి. షాపుల్లో చిన్న డబ్బాలన్నీ వీటిని చూసి చేసినవే. వాటిలో పెద్ద కవరు రెండుగా మడిస్తే తప్ప పట్టదు.

ఎక్స్‌రే ఫిల్ములు, పెద్ద క్యాలెండర్లు ఏ డబ్బాలోనూ పట్టవు, వాటికోసం సైజు పెంచుకుంటూ పోవద్దు.

నోరు ఎంత ఉండాలి? పెద్దదైతే ఎవరైనా చెయ్యి పెట్టి తీసేస్తారు కదా?

నోటి వెడల్పు 10 అంగుళాలు, ఎత్తు ఒకటింపావు అంగుళం, అంటే 3.2 సెంటీమీటర్లు. యూరప్‌లో ఇళ్ళ ఉత్తరాల పెట్టెలకు ఇ.ఎన్. 13724 అని ఒక ప్రమాణం ఉంది, అందులో నోటి ఎత్తు 30 నుంచి 35 మిల్లీమీటర్లు. మన పత్రికలకూ లావుపాటి శుభలేఖలకూ అదే సరిపోతుంది. ముప్పావు అంగుళం నోరు పెట్టించుకున్నవాళ్ళ ఇళ్ళ దగ్గర శుభలేఖ మీది పసుపు, కుంకుమ నోటి అంచుకి గీరుకుని కనిపిస్తాయి.

దొంగతనం భయం ఉంటే నోరు తగ్గించొద్దు. లోపల, నోటికి అంగుళంన్నర వెనకగా, కిందికి వాలేలా ఒక అడ్డు రేకు పెట్టమనండి. కవరు జారి కిందికి పోతుంది, పైకి వెతుక్కునే చేతికి మాత్రం రేకు అడ్డం వస్తుంది. నోటి అంచుల్ని లోపలికి మడిచి నునుపు చెయ్యమనడం మర్చిపోకండి. కోసిన రేకు అంచు అలాగే వదిలేస్తే పోస్ట్‌మ్యాన్ వేళ్ళు తెగుతాయి. రోజుకు వందల గడపలు తిరిగే మనిషికి మన ఇంటి దగ్గర గాయం కాకూడదు.

ఆన్‌లైన్లో కొన్న పార్సిళ్ళు కూడా పట్టేలా పెద్ద పెట్టె పెట్టించుకోవచ్చా?

పెట్టించుకోవచ్చు కానీ ఉత్తరాల డబ్బాతో కలపొద్దు. పార్సిలు పట్టే నోరు ఉంటే ఉత్తరాలు ఎవరైనా తీసుకోగలరు. విడిగా అడుగున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు పెట్టె చేయించి, పైన సొరుగులా బయటికి తెరుచుకునే పళ్ళెం పెట్టించండి. పార్సిలు పళ్ళెంలో పెట్టి తోస్తే లోపల పడుతుంది, తెరిచినప్పుడు పళ్ళెం వెనక రేకే అడ్డుగా నిలుస్తుంది. ఓటీపీ చెప్పాల్సిన పార్సిళ్ళకు ఎలాగూ మీరు ఫోన్లో దొరకాలి. మందులు, ముఖ్యంగా ఇన్సులిన్ లాంటివి మాత్రం ఏ ఇనుప పెట్టెలోనూ వెయ్యనివ్వకండి. మన ఎండల్లో మూసిన రేకు పెట్టె లోపలి వేడి బయటికన్నా చాలా ఎక్కువ.

పొద్దున్నే వచ్చే పేపరు, పాల ప్యాకెట్లు అందులోనే వేయించుకోవచ్చా?

పాలు వద్దు. ప్యాకెట్ మీద చెమ్మ చాలు ఉత్తరాలు అంటుకుపోవడానికి. గేటుకి ఒక సంచీ తగిలించండి. పేపరుకైతే 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపు అడుగు ముక్క డబ్బా కింద అడ్డంగా బిగిస్తే సరిపోతుంది, చుట్టిన పేపరు సులువుగా దూరుతుంది.

## రేకు, రంగు

జీఐ, స్టీలు, అల్యూమినియం, ప్లాస్టిక్, టేకు. ఏది మంచిది?

సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్ళలో జీఐ రేకు మీద పౌడర్ కోటింగ్. నా సలహా ఎప్పుడూ ఇదే. జీఐ అంటే ఇనుము మీద జింకు పూత. గీత పడినా చుట్టూ ఉన్న జింకు ముందు తనే అరిగి ఇనుముకి తుప్పు రాకుండా కొంతకాలం ఆపుతుంది. మామూలు నల్ల ఇనుము చవక కానీ మడతల్లో, వెల్డింగు దగ్గర మొదటి వానాకాలానికే తుప్పు కనిపిస్తుంది.

అల్యూమినియం తుప్పు పట్టదు, తేలిక. మెత్తగా ఉంటుంది కాబట్టి తలుపు పెకలించడం సులువు. టేకు డబ్బా వరండా లోపల బాగుంటుంది, బయట ఎండావానలకు ఏటా వార్నిష్ వెయ్యాలి, చెదలు చూసుకోవాలి. ప్లాస్టిక్ గురించి మాత్రం గట్టిగా చెబుతాను. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల వేసవిలో 45 డిగ్రీలు దాటే ఎండకి రెండు మూడేళ్ళలో పెళుసెక్కి మూత ఊడి చేతికొస్తుంది. నీడపట్టున తప్ప వాడొద్దు.

మాది విశాఖలో బీచ్‌కి దగ్గర. ఏది పెట్టినా తుప్పు పడుతోంది. ఏం చెయ్యాలి?

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల ఉప్పుగాలి ముందు జీఐ ఎక్కువకాలం నిలవదు. స్టెయిన్‌లెస్ స్టీలులో 316 రకం తీసుకోండి. అందులో మాలిబ్డినం కలుస్తుంది, ఉప్పుని తట్టుకునే గుణం దాని వల్లే వస్తుంది. 304 కూడా పనికొస్తుంది కానీ టీ మరకల్లాంటి గోధుమరంగు మచ్చలు పడతాయి. అవి పైపైనే, మంచినీళ్ళతో తరచూ తుడిస్తే ముదరవు. స్క్రూలు, మడతబందులు కూడా అదే స్టీలువి వేయించండి. స్టీలు డబ్బాకి ఇనుప స్క్రూ బిగిస్తే ముందు స్క్రూ తుప్పు పట్టి, ఆ తుప్పు నీరు డబ్బా అంతా కారుతుంది. ఖర్చు ఎక్కువనుకుంటే మందంగా ఉన్న అల్యూమినియం డబ్బాకి పౌడర్ కోటింగ్ చేయించండి.

షాపాయన అయస్కాంతం పెట్టి చూపించి "అంటుకోలేదు కాబట్టి 304" అన్నాడు. నమ్మొచ్చా?

ఆ పరీక్షతో తేలదు. 202 స్టీలుకి కూడా అయస్కాంతం అంటుకోదు. 202లో నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు, అందుకే ధర తక్కువ, బయట వానకి మచ్చలు తొందరగా పడతాయి. గట్టిగా అంటుకుంటే అది 304 కాదని తెలుస్తుంది, అంటుకోకపోతే 304 అని రుజువు కాదు. రేకు మీద మిల్లు అచ్చు ఉంటుంది, కోయకముందు చూపించమనండి. లేదా స్టీలు పరీక్ష ద్రావణం చుక్క వేసి చూపించమనండి, పెద్ద స్టీలు దుకాణాల్లో ఉంటుంది. బిల్లు మీద గ్రేడు రాయించుకోండి.

పౌడర్ కోటింగా, మామూలు పెయింటా?

వీలుంటే పౌడర్ కోటింగ్. పొడిని రేకు మీద చల్లి దాదాపు 180 నుంచి 200 డిగ్రీల దగ్గర కాలుస్తారు, పూత గట్టిగా పట్టుకుంటుంది. రెండు జాగ్రత్తలు చెబుతాను. బయట పెట్టే డబ్బాకి పాలిస్టర్ పొడి వాడమనండి, ఎపాక్సీ పొడి ఎండకు సుద్దలా రాలుతుంది. రెండోది, గోడకు బిగించే రంధ్రాలు, తాళం రంధ్రం అన్నీ కోటింగ్‌కి ముందే వేయించండి. ఇంటికొచ్చాక డ్రిల్లు పెడితే ఆ రంధ్రం అంచునుంచే తుప్పు మొదలవుతుంది.

పెయింటైతే ముందు ప్రైమర్, దాని మీద రెండు పూతలు ఎనామిల్. జీఐ రేకుకి మామూలు రెడ్ ఆక్సైడ్ సరిగా పట్టదు, జీఐకి వేసే ప్రైమర్ అని అడిగి తెచ్చుకోండి.

ఎరుపు రంగే వెయ్యాలా?

అక్కర్లేదు. వీధిలో ఉండే తపాలా శాఖ డబ్బా ఎరుపు, మీ ఇంటి డబ్బా మీ ఇష్టం. ఎండ పడే చోటైతే లేతరంగు వెయ్యండి, వేడి తక్కువ పీలుస్తుంది.

## బిగించేటప్పుడు

గేటుకి బిగించాలా, పిల్లరుకా, గోడలో దూర్చాలా?

గోడలో దూర్చడం అన్నిటికన్నా మేలు. నోరు వీధివైపు, తలుపు లోపలివైపు పెడితే మీరు గేటు తియ్యకుండానే ఉత్తరాలు తీసుకోవచ్చు. పెద్దవాళ్ళున్న ఇంట్లో, రాత్రిపూట అది ఎంత సుఖమో వాడినవాళ్ళకు తెలుస్తుంది. ప్రహరీ కట్టేటప్పుడే మేస్త్రికి చెప్పి ఖాళీ వదిలించండి, పైన ఒక రాతి పలకో యాంగిల్ ముక్కో వేయించండి. నాలుగున్నర అంగుళాల గోడైతే డబ్బా కొంచెం లోపలికి పొడుచుకొస్తుంది, పరవాలేదు. డబ్బా చుట్టూ సిమెంటు నేరుగా తగలనివ్వకండి, జింకునీ అల్యూమినియంనీ పచ్చి సిమెంటు తినేస్తుంది. రెండు పూతలు పెయింటు వేసి పెట్టండి.

గోడ కట్టేసి ఉంటే పిల్లరు. నాలుగు యాంకర్ బోల్టులు చాలు.

గేటుకి మాత్రం ఆఖరి ఎంపికగా బిగించండి. రోజూ గేటు కొట్టుకునే అదురుకి తాళం వదులవుతుంది, స్లైడింగ్ గేటైతే తీసినప్పుడు డబ్బా గోడకు రాసుకుంటుంది.

ఎంత ఎత్తులో పెట్టాలి?

నోరు నేలనుంచి నాలుగు, నాలుగున్నర అడుగుల మధ్య. సైకిలు దిగకుండా కాలు నేలకానించి వేసే పోస్ట్‌మ్యాన్‌కీ అందుతుంది, నడిచి వచ్చేవారికీ అందుతుంది. కొలిచేటప్పుడు మీ వాకిలినుంచి కొలవకండి, వీధి మట్టంనుంచి కొలవండి. చాలా ఇళ్ళకు ర్యాంపు ఉంటుంది, లోపల నాలుగడుగులున్నది వీధిలోనుంచి ఐదున్నర అవుతుంది. పొట్టివాళ్ళు మునివేళ్ళ మీద నిలబడాలి. రోడ్డు మళ్ళీ వేస్తే మట్టం పెరుగుతుంది కాబట్టి నాలుగుకి తగ్గించొద్దు. మురుగుకాలువ గేటు ముందునుంచి పోతుంటే పలక వేసి ఉన్న వైపే డబ్బా పెట్టండి.

ప్రతి వానాకాలం ఉత్తరాలు తడిసిపోతున్నాయి. మూత ఉన్నా నీళ్ళెలా వెళుతున్నాయి?

వాన నిలువుగా పడినప్పుడు మూత ఆపుతుంది, గాలివాన అడ్డంగా కొడితే ఆపలేదు. తెలంగాణలో, కోస్తాలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా వచ్చే నైరుతి గాలి పడమటి నోటిని కొడుతుంది. నెల్లూరు, తిరుపతి వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్యం నుంచి. అందుకే హైదరాబాదులో తూర్పు ముఖం డబ్బా పొడిగా ఉంటుంది, నెల్లూరులో అదే డబ్బా తడుస్తుంది. మీ వీధి ఎటు ఉంటే నోరు అటే పెట్టాలి కాబట్టి రక్షణ డబ్బాలోనే చేసుకోవాలి.

నోటి మీద కనీసం రెండంగుళాల చూరు ముందుకి రావాలి, దాని అంచు కిందికి మడిచి ఉండాలి. మూత రేకు నోటి కన్నా అన్ని వైపులా అరంగుళం పెద్దగా ఉండి పైనుంచి వేలాడాలి. కప్పు వెనక్కి కాస్త వాలుగా ఉండాలి. ఇవన్నీ చేసినా తుపాను రోజున నాలుగు చుక్కలు వెళతాయి. అడుగున నాలుగు మూలలా చిన్న రంధ్రాలు వేసి, వాటి మీద అరంగుళం ఎత్తులో జల్లెడ రేకు పరిస్తే నీరు కిందికి పోతుంది, కాగితం పైన పొడిగా ఉంటుంది. అడుగున రంధ్రాల్లేని డబ్బా తొట్టితో సమానం.

వాస్తు ప్రకారం ఏ వైపు పెట్టాలి?

గేటుకి కుడా ఎడమా అన్నది మీ ఇంటివాళ్ళ నమ్మకాన్ని బట్టి చేస్తాను, అందులో నాకు పట్టింపు లేదు. ఒకసారి మాత్రం వాస్తు పేరుతో డబ్బాని ఇంటి పక్క సందులో పెట్టించారు. కొత్తగా వచ్చిన పోస్ట్‌మ్యాన్‌కి అది కనపడక ఉత్తరాలు గేటులోనుంచే లోపలికి విసిరేవారు. డబ్బా వీధిలోనుంచి కనపడాలి. ఈ ఒక్కటి కుదిరాక మిగతావి మీ ఇష్టం.

డబ్బా మీద ఏమేం రాయించాలి? డిజిపిన్ కూడా రాయాలా?

ఇంటి నంబరు తప్పనిసరి. మన పట్టణాల్లో నంబర్లు గీతలతో, బై నంబర్లతో చాంతాడంత ఉంటాయి, మున్సిపాలిటీ మార్చినచోట పాతదీ కొత్తదీ రెండూ వాడుకలో ఉంటాయి. రెండూ రాయించండి. అంగుళంన్నరకు తగ్గని అంకెలు, ముదురు రంగు మీద తెల్లగా. పేరు విషయంలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకి, ఆడవాళ్ళకి నేను ఇంటిపేరు మాత్రమే రాయించమంటాను.

పిన్‌కోడ్ డబ్బా మీద అక్కర్లేదు, మీకు ఉత్తరం రాసేవాళ్ళకు తెలియాలి. 1972 ఆగస్టు 15న మొదలైన ఆ ఆరంకెల కోడ్‌లో మొదటి అంకెగా వచ్చే 5 మన రెండు రాష్ట్రాలకీ కర్ణాటకకీ గుర్తు. డిజిపిన్ 2025లో వచ్చింది. తపాలా శాఖ, ఐఐటీ హైదరాబాదు, ఇస్రోకి చెందిన ఎన్‌ఆర్‌ఎస్‌సీ కలిసి తయారుచేశాయి. దేశాన్ని దాదాపు నాలుగు మీటర్ల చదరాలుగా విడదీసి ఒక్కో చదరానికి పది అక్షరాల కోడ్ ఇస్తారు. నంబర్లు సరిగాలేని కొత్త లేఅవుట్లలో, పొలాల మధ్య ఇళ్ళలో చిన్న అక్షరాలతో రాయించుకుంటే ఉపయోగమే. అది ఇంటి నంబరుకీ పిన్‌కోడ్‌కీ బదులు కాదు.

మాకు కుక్క ఉంది. పోస్ట్‌మ్యాన్ గేటు దగ్గరికి రావడానికే భయపడుతున్నారు.

డబ్బాని గేటుకి దూరంగా, కుక్క మూతి అందని గోడమీదికి మార్చండి. గ్రిల్ సందుల్లోనుంచి మూతి బయటపెట్టే కుక్క ఉన్న గేటుకి డబ్బా బిగించడం ఆయన చేతిని ప్రమాదంలో పెట్టడమే.

## అపార్ట్‌మెంట్లు, అద్దె ఇళ్ళు

మా అపార్ట్‌మెంట్‌లో 20 ఫ్లాట్లు. డబ్బాలు ఎక్కడ, ఎలా పెట్టించాలి?

కింద, మెట్లకీ లిఫ్టుకీ దగ్గర, వెలుతురున్న గోడకి. సెల్లార్లో వద్దు, నీళ్ళు చేరతాయి. అయిదు అంతస్తులకు నాలుగేసి ఫ్లాట్లయితే అయిదు వరసలు, వరసకు నాలుగు గళ్ళు. పైవరస నోరు అయిదున్నర అడుగులు దాటకూడదు, అడుగు వరస నేలకి రెండడుగుల పైనే ఉండాలి. ఒక్కో గడి 16 అంగుళాల ఎత్తుతో చేస్తే అయిదు వరసలు ఈ హద్దుల్లో పట్టవు. అందుకని గడిని పడుకోబెట్టాలి: ఎత్తు 5, వెడల్పు 11, లోతు 14 అంగుళాలు. కవరు అడ్డంగా లోపలికి జారుతుంది, అయిదు వరసలూ రెండడుగుల చిల్లర ఎత్తులో సర్దుకుంటాయి.

ఫ్లాటు నంబరు పెద్దగా, పేరు మార్చుకోవడానికి వీలుగా కార్డు దూర్చే చట్రంలో పెట్టండి. అద్దెకున్నవాళ్ళ పేరు, యజమాని పేరు రెండూ ఉండాలి. చివర ఒక గడి అదనంగా చేయించి "అసోసియేషన్" అని రాయించండి, కరెంటు, నీటి బోర్డు కాగితాలు అందులో పడతాయి.

వాచ్‌మ్యాన్ తీసుకుని ఇస్తాడు కదా, డబ్బాలెందుకు?

వాచ్‌మ్యాన్‌ని నమ్మలేకపోవడం ఇక్కడ సమస్య కాదు. మోటారు వెయ్యడం, కార్లు తియ్యడం, చెత్త పంపడం మధ్య ఇరవై ఇళ్ళ కాగితాలు గుర్తుపెట్టుకోమనడం ఆయన మీద మోపిన బరువు. ఏదైనా కనపడకపోతే నింద కూడా ఆయన మీదికే వెళుతుంది. గళ్ళు ఉంటే ఆ బాధ ఆయనకీ తప్పుతుంది.

అద్దె ఇల్లు. యజమాని గోడకు రంధ్రాలు వెయ్యనివ్వడం లేదు.

గ్రిల్‌కో గేటు ఊచలకో తగిలే కొక్కేల డబ్బా చేయించుకోండి. వెనక రెండు యు ఆకారపు పట్టీలు, లోపలినుంచి నట్లు. లోపలినుంచి బిగిస్తే బయటివాళ్ళు విప్పలేరు, ఇల్లు మారేటప్పుడు వెంట తీసుకెళ్ళొచ్చు.

## విదేశంలో

అమెరికాలో ఇల్లు కొన్నాం. ఇక్కడి నుంచి అందమైన ఇత్తడి డబ్బా తీసుకెళ్ళి పెట్టుకోవచ్చా?

గోడకు బిగించే డబ్బా వాడుకలో ఉన్న వీధైతే పెట్టుకోవచ్చు. రోడ్డు అంచున స్తంభం మీద పెట్టేదైతే అక్కడి తపాలా శాఖ కొలతలు పాటించాలి: రోడ్డు మట్టంనుంచి 41 నుంచి 45 అంగుళాల ఎత్తు, రోడ్డు అంచునుంచి 6 నుంచి 8 అంగుళాలు వెనక్కి. బండి దిగకుండా వేసే పద్ధతికి ఆ కొలతలు. సొరంగంలా వంపు తిరిగిన డబ్బా రూపం 1915లో వచ్చింది, ఇప్పటికీ అదే నడుస్తోంది. పక్కనుండే ఎర్రజెండా ఎత్తితే "తీసుకెళ్ళాల్సిన ఉత్తరం ఉంది" అని గుర్తు. మన దగ్గర ఇంటి డబ్బాలోనుంచి ఉత్తరాలు పట్టుకెళ్ళే పద్ధతి లేదు. కొత్త కాలనీల్లో వీధికంతటికీ కలిపి ఒకేచోట గళ్ళ డబ్బాలు ఉంటాయి, అక్కడ సొంత డబ్బా అక్కర్లేదు.

అక్కడివాళ్ళు తరచూ పొరపాటు పడే విషయం ఒకటుంది. ఉగాది, బతుకమ్మ వేడుకల ఆహ్వానాలు స్టాంపు లేకుండా పక్కింటి డబ్బాలో వెయ్యకూడదు. ఆ డబ్బా తపాలాకి మాత్రమే, అలా వేస్తే జరిమానా పడే చట్టం ఉంది. తలుపు తట్టి చేతికివ్వండి.

## వాడుకలో

తాళం చెవి పోయింది. డబ్బా పగలగొట్టాలా?

అవసరం లేదు. చాలా డబ్బాలకు ఉండేది బీరువా సొరుగులకు వాడే క్యామ్ తాళం. నోట్లోనుంచి పొడుగాటి స్పానరుతో వెనక నట్టు విప్పొచ్చు, అందకపోతే తాళం మధ్యలో డ్రిల్లు పెట్టి తీసేసి అదే రంధ్రంలో కొత్తది బిగిస్తారు. అర్ధగంట పని. కొత్త తాళానికి రెండు చెవులు వస్తాయి, ఒకటి ఇంట్లో అందరికీ తెలిసిన కొక్కేనికి తగిలించండి. కోతుల బెడద ఉన్న ఊళ్ళలో తాళం లేని డబ్బా పెట్టొద్దు, మూత తీసి కాగితాలు చింపేస్తాయి.

డబ్బాలో కందిరీగలు గూడు పెడుతున్నాయి, బల్లులు దూరుతున్నాయి.

ఉత్తరాలు వచ్చినా రాకపోయినా వారానికి రెండుసార్లు తలుపు తీసి చూడండి. రోజుల తరబడి కదలని చీకటి చోటే వాటికి కావాలి. మట్టిగూడు చిన్నగా ఉన్నప్పుడే గీకేసి, ఆ చోట కాస్త వేపనూనె రాయండి. పురుగుల మందు కొట్టకండి, పోస్ట్‌మ్యాన్ ఆ నోట్లోనే వేళ్ళు పెడతారు. పిచ్చుకలు గూడు పెట్టి గుడ్లుంటే కొన్నాళ్ళు పక్కన ఒక అట్టపెట్టె తగిలించి "ఉత్తరాలు ఇందులో" అని రాయండి. మా వీధిలో ఒకరు అలాగే చేశారు. పిల్లలు ఎగిరిపోయాక డబ్బా కడిగి మళ్ళీ వాడుకున్నారు.

ఉత్తరం తడిసి ముద్దయింది. ఎలా ఆరబెట్టాలి?

వెంటనే విప్పకండి, చిరుగుతుంది. పాత పేపర్ల మధ్య పెట్టి పైన పుస్తకం బరువు ఉంచండి, గంటకోసారి పేపరు మార్చండి. సగం ఆరాక కవరు అంచు కత్తిరించి లోపలి కాగితం తియ్యండి. ఇస్త్రీపెట్టె, ఎండ వద్దు. పెన్నుతో రాసిన సిరా పారిపోతుంది.

నెలరోజులు ఊరెళుతున్నాం. డబ్బా నిండిపోతే?

నిండిన డబ్బా ఇంట్లో ఎవరూ లేరని వీధికి చెప్పేస్తుంది. నమ్మకమైన పక్కింటివాళ్ళకి రెండో చెవి ఇచ్చి మూడు రోజులకోసారి తియ్యమనండి. మీ బీటు పోస్ట్‌మ్యాన్‌కి కూడా చెప్పి వెళ్ళండి.

ఇల్లు మారాం. పాత డబ్బాలో మా ఉత్తరాలు పడుతూనే ఉన్నాయట.

పాత ఇంటికి చెందిన పోస్టాఫీసులో కొత్త చిరునామా రాసిచ్చి, వచ్చినవి అక్కడికి మళ్ళించమని కోరండి. బ్యాంకు, బీమా, ఆధార్‌లలో చిరునామా మార్పించడానికి ఇది బదులు కాదు, అదీ చెయ్యాలి. వెళ్ళేటప్పుడు డబ్బా మీద మీ పేరు చెరిపేసి తాళంచెవి కొత్తగా వచ్చినవాళ్ళకి ఇవ్వండి. మీ చేతికి పాత అద్దెదారు ఉత్తరం వస్తే దాన్ని విప్పకుండా "ఇక్కడ లేరు" అని కవరు మీద రాసి, తేదీ వేసి, పోస్ట్‌మ్యాన్‌కి తిరిగి ఇచ్చెయ్యండి.